ఉలికే దారం

"సన్నది ఇయ్యమంటావా, లావుది ఇయ్యమంటావా? ఏదో ఒకటి తేల్చి సావు!"

ఆ ఏడాది నా దుకాణానికొచ్చిన ప్రతివాడితోనూ నేను ఇలాగే మాట్లాడేదాన్ని. గుండ్లకోన జలాశయం ఒడ్డున, కొత్తరేవులో గాలం దారం, కొక్కేలు, బెండ్లు అమ్మే దుకాణం నాదొక్కటే. మా తాతలు భీమిలి వైపు సముద్రం వదిలి ఈ కొండల మధ్య నీళ్ళకి వచ్చినప్పటి నుంచీ మా సూరాడవాళ్ళదే ఈ దుకాణం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. అయినా ఊరంతా నా దగ్గరికే రావాలి, ఏం చేస్తారు?

విసుగు ఊరికే రాలేదు. నీళ్ళలోకి ముల్లుపేలొచ్చాయి. ఆవగింజంత ప్రాణి, దానికో నల్లటి కన్ను, వెనక ఒంటికి మూడింతల పొడుగు తోక, తోకకి ముళ్ళు. ఏ చేపపిల్లల డ్రమ్ములో వచ్చాయో, ఏ పడవ అడుగున అంటుకుని వచ్చాయో ఎవరికీ తెలీదు. ఒకటి దారానికి తగులుకుంటే దాని తోకకి ఇంకోటి, దానికి మరోటి. చూస్తుండగానే దారమంతా తడిసిన దూదిలా బంకముద్దలు. లాగితే వేళ్ళకి ముళ్ళు, లాగకపోతే దారం రాదు, ఈలోగా పడ్డ చేప కాస్తా తప్పించుకుపోతుంది.

సన్నదారానికే పేలు ఎక్కువ. లావుదారం మీద వాటి తోక అంతగా పట్టదు, జారిపోతుంది. కానీ మా నీళ్ళు తేటవి. లావుదారాన్ని చేప దూరం నుంచే చూసి మొహం తిప్పేసుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జనం దుకాణంలో నిలబడి రెండు రకాలనీ వేళ్ళ మధ్య నలిపి నలిపి, ఏదీ తేల్చుకోలేక నా మీద కేకలేసి పోయేవాళ్ళు. నేనూ తిరిగి వేసేదాన్ని.

నా కొడుకు ఎల్లాజీ ఒకరోజు ఖాళీ బుట్ట గడపలో పడేసి, "అమ్మా, పేనుకి లావుగా, సేపకి సన్నంగా కనపడే దారం ఏదైనా ఉంటే ఇయ్యి" అన్నాడు. వేళాకోళమే. ఆ వేళాకోళాన్ని తీసుకెళ్ళి నా మరదలికి చెప్పాను. నా మరదలు నవ్వలేదు. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది.

మరదలంటే నా తమ్ముడి పెళ్ళాం, దమయంతి. రాజమండ్రి పిల్ల, పెద్ద చదువు. ఆనకట్ట కింద ఊళ్ళో చేపల పరిశోధనశాలలో ఉద్యోగం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా పుట్టి, అదే మేం వేటకెళ్ళే గుండ్రటి బుట్టపడవ, ఒక్కసారీ ఎక్కలేదు, నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయట. "ఆ మాట ఇంకోసారి చెప్పండి వదినా" అంది. చెప్పాను. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఎండిపోయింది గానీ ఇంకో ముద్ద తినలేదు.

కొన్ని నెలలకి కబురు పెట్టింది. పరిశోధనశాలకి వెళ్తే గాజుతొట్టె నిండా ముల్లుపేలు.

"మా పీడ సాలదని నువ్వూ పెంచుతున్నావేటే?"

"మాట్లాడకుండా చూడండి వదినా."

పక్క తొట్టెలోంచి తెల్లటి సన్నదారం ఒకటి తీసింది. నైలాను కాదు. పట్టుపురుగు తీసే దారంలాంటిదే, కాకపోతే పురుగు లేకుండా తొట్టెలో పెరిగిందట. దాన్ని పేలలోకి వదిలింది. పేలు గుమిగూడాయి, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నాయి. ఇంకేముంది, ముద్ద కట్టేస్తుంది అనుకున్నాను. అప్పుడు ఆ దారం ఉలిక్కిపడింది. నిజంగా ఉలిక్కిపడింది! చలికి ఒళ్ళు జలదరించినట్టు ఈ కొస నుంచి ఆ కొసకి ఒక వణుకు పాకింది. సన్నది కాస్తా చీపురుపుల్లంత లావైంది, ఒళ్ళంతా నిగనిగలాడే జిగురు. పేలన్నీ జారి కింద పడ్డాయి. మళ్ళీ మామూలు సన్నదారం.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. "ఓలమ్మో! బతికుందేటే ఇది?"

"బతికి లేదు వదినా. తనకి తగిలినదాన్ని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. చిన్నగా, వణుకుతూ, వదలకుండా పట్టుకునేది ఏది తగిలినా విదిలిస్తుంది. చేప ఒక్కసారిగా గట్టిగా లాగుతుంది, దాన్ని వదలదు. మన చెయ్యి బరువుగా నిలకడగా ఉంటుంది, మననీ వదలదు."

పెంచడం పెరుగుకి తోడు వేసినట్టే అంది. మొట్టమొదటి ముక్కని తల్లిదారం అంటుంది. ఒక తొట్టెలో పేలని బాగా విదిలించిన ముక్కని తీసి తర్వాతి తొట్టెకి తోడు వేస్తే అది ఇంకా బాగా విదిలిస్తుంది. "ఒక్క జాగ్రత్త. కొక్కేనికి ముడి వేయకండి, ఉలికినప్పుడు జారిపోతుంది. ఈ రేకుగొట్టం తొడిగి పటకారుతో నొక్కండి."

ఊళ్ళో అందరికీ అరిచి అరిచి చెప్పాను. కొక్కేల దగ్గర అందరూ అలాగే చేశారు.

ఇక చూడాలి కొత్తరేవుని! పేలు వచ్చినవి వచ్చినట్టే పోయేవి. బుట్టల నిండా చేపలు, బొచ్చెలు, వాలుగలు, జెల్లలు. రేవులో మళ్ళీ ఐసు పెట్టెల చప్పుడు, ఆడవాళ్ళ గొడవలు. నా దుకాణంలో ఎంచుకునే పనే లేదు, ఉన్నది ఒకటే దారం. నాకు గొంతు చించుకునే అవసరం లేక నోరు దురద పెట్టింది.

దమయంతికి మాత్రం నిలకడ లేదు. వారం వారం వచ్చి వాడిన దారం ముక్కలు అడిగి పట్టుకెళ్ళేది, తోడు వేయడానికి. "ఇంకా తేలిగ్గా ఉలకాలి వదినా. ఒక్క పేను తగిలినా ఉలకాలి" అనేది. మిగతా జలాశయాల వాళ్ళు కూడా అడుగుతున్నారట. కాలు కాలిన పిల్లిలా దుకాణంలో అటూ ఇటూ తిరిగేది. టీ ఇస్తే చల్లారిపోయేది. సంతోషంలో కూడా కూర్చోవడం తెలీని మనిషి. నేనూ అంతే అనుకోండి, అందుకే నాకు ఆ పిల్లంటే ఇష్టం.

ఇప్పుడు మా వేట సంగతి చెప్పాలి. పుట్టిలో మొగుడూ పెళ్ళాం కలిసే వెళ్తారు. ఒకరు తెడ్డు, ఒకరు దారం. పసిపిల్లలుంటే వాళ్ళూ పుట్టిలోనే, ఇంకెవరు చూస్తారు? దారం ఒక కొస నీళ్ళలో ఉంటుంది, రెండో కొస పుట్టిలోని పసిపిల్ల నడుముకి కడతాం. ఆ పిల్లని కొసబిడ్డ అంటాం. వేటలో దారాన్ని తెంపకూడదు. తెంపితే గంగమ్మకీ మనకీ మాట తెగినట్టు. ఒకటే దారం, ఒక పక్క చేప, ఒక పక్క బిడ్డ. బిడ్డ నీళ్ళలో పడితే దారం పట్టుకుని లాగేస్తాం. నేను కొసబిడ్డగా పెరిగాను, ఎల్లాజీ పెరిగాడు. ఇప్పుడు వాడి కూతురు నూకరత్నం, మూడేళ్ళు నిండని గుంట.

ఈ సంగతి దమయంతికి ఎవరూ చెప్పలేదు. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరికైనా చెప్తామా? ఉలుకు దారం పొడుగునా పరిగెత్తి పొడిగా ఉన్న కొసకి కూడా చేరుతుందని ఆమె మాకు చెప్పలేదు. ఆమెకీ తెలీదు. ఆమె తొట్టెల్లో ఉండేవి మూరెడు ముక్కలు, మొత్తం నీళ్ళలోనే మునిగి ఉండేవి.

ఆరోజు పొద్దున్న దక్షిణం గాలి. పేలు నీళ్ళ మీద తెట్టులా కొట్టుకొస్తున్నాయి. నేను రేవులో నిలబడి ఎల్లాజీ పుట్టి కేసే చూస్తున్నాను, పిలిస్తే పలికేంత దగ్గరలో ఉంది. కోడలు పైడితల్లి తెడ్డు వేస్తోంది. నూకరత్నం పుట్టి అంచు పట్టుకుని నురగని వేలితో పొడుస్తోంది.

ఎల్లాజీ ఒక్కసారిగా "అరే!" అన్నాడు. దారం వాడి గుప్పిట్లోంచి వానపాములా జారిపోతోంది. నవ్వుతూ ముందుకి వంగి అందుకోబోయాడు. పుట్టి ఒరిగింది. నూకరత్నం నడుం మీద నుంచి దారం ఊడి పుట్టి బయటికి పడడం ఒడ్డు నుంచి నేను చూశాను. ఒక్క పేను కూడా అంటని పొడి దారం! నేను అరిచేలోపు గుంట నీళ్ళలోకి జారింది.

బిడ్డ పడితే దారం లాగాలి. మా రక్తంలో ఉంది అది. ఎల్లాజీ లాగాడు. చేయి మీద చేయి వేసి, పళ్ళు బిగించి, "వచ్చేత్తంది, వచ్చేత్తంది" అంటూ లాగాడు. ఖాళీ కొస చేతికొచ్చింది. వాడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఈతలో వాడంతటివాడు ఈ రేవులో లేడు, అయినా దూకలేదు, లాగుతూ కూర్చున్నాడు. తెడ్డు విసిరేసి దూకింది పైడితల్లి.

గుంట బతికింది. ముందే చెప్పేస్తున్నాను, నాకే ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలనుంటుంది. ఒడ్డున పడుకోబెట్టినప్పుడు పెదాలు నేరేడుపండు రంగు. గుండె నొక్కి నొక్కి నా చేతులు పడిపోయాయి. ఆఖరికి కక్కింది, ఏడ్చింది. ఆ ఏడుపు కంటే మంచి పాట నా జన్మలో వినలేదు.

ఆసుపత్రికి దమయంతి పరిగెత్తుకొచ్చింది. "నడుముకి కట్టడం ఏమిటి వదినా? అది గాలం దారం!"

"మాకు గాలం దారమూ బతుకు దారమూ వేరేగా ఉండవే! ఉలుకు ఇటువేపు కూడా వస్తాదని నువ్వు సెప్పావా?"

"నాకు తెలిస్తే చెప్పనా?"

ఇద్దరం వసారాలో గొంతులు చించుకున్నాం, నర్సు వచ్చి తిట్టేదాకా. పైడితల్లి మాత్రం మంచం పక్కన గుంట చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఊరు తొందరగానే సర్దుకుంది. దారం మంచిదే, బిడ్డని కొబ్బరితాడుతో కట్టుకుంటే సరిపోతుంది అన్నారు. నేనూ అదే అన్నాను. చేపలు పడుతున్నాయి మరి.

నూకరత్నం ఇంటికొచ్చాక దుకాణంలో నా పక్కనే కూర్చునేది. కొత్త దారం ఉండలు వచ్చాయి, ఇంకా ఎవరి చెయ్యీ తాకని సరుకు. గుంటకి అలవాటు, ఉండలోంచి కొస లాగి వేలికి చుట్టుకుంటుంది. ఆరోజూ వేలు పెట్టింది. ఉండ మొత్తం ఉలిక్కిపడింది. బుస్సుమని ఉబ్బి, చుట్టలు చుట్టలుగా విడిపోయి, అరుగు మీద నుంచి జారి కింద పడింది. ఇంకో ఉండ పట్టుకుంది. అదీ అంతే.

"మామ్మా, దీనికి నేనంటే బయ్యం" అంది గుంట.

 దమయంతికి ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మన్నాను. వచ్చింది. తన చెయ్యి పెట్టింది, దారం కదల్లేదు. నా చెయ్యి పెట్టాను, కదల్లేదు. నూకరత్నం చెయ్యి పెట్టింది, ఉలిక్కిపడింది. పక్కింటి చంటిదాన్ని తెచ్చి పెట్టించాం, ఉలిక్కిపడింది. చేతులు వణికే జబ్బున్న దానయ్య తాతని పిలిచాను. "నా సేతిలోనూ నిలవట్లేదే, ముసలితనం అనుకున్నాను" అన్నాడు ఆయన. దారం ఆయన వేళ్ళలోంచీ జారిపోయింది.

దమయంతి బెండ్ల బస్తా మీద కూలబడింది. నా దుకాణంలో ఆ మనిషి కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"మీరిచ్చిన ముక్కలే తోడు వేశాను కదా. పిల్లల నడుముకి కట్టిన ముక్కలు. అందుకే పిల్లల్ని కూడా పేలలో కలిపేసిందేమో" అంది. "మొదటి ముక్క మీ రేవుకి రాలేదు. దాన్నుంచి మళ్ళీ పెంచుతాను. పేలని మాత్రమే చూపిస్తాను."

ఆ సాయంత్రమే మిగతా జలాశయాల వాళ్ళకి ఫోన్లు చేసి, అప్పటికే పంపిన ఉండలు విప్పకుండా తిప్పి పంపమని బతిమాలింది. తర్వాత కొన్నాళ్ళు మనిషి కనబడలేదు. నా తమ్ముడు క్యారేజీ తీసుకెళ్తే సగం అలాగే తిరిగొచ్చేదట. నాకూ కాలు నిలవలేదు. దుకాణం తీయడం, మూయడం, రేవు దాకా వెళ్ళి రావడం. ఈసారి దారం కుదరాలని గంగమ్మకి మొక్కాను. నా మనవరాలి చెయ్యి చూసి జంకని దారం, పేలని విదిలించే దారం, రెండూ కావాలని మొక్కాను.

కబురు వచ్చింది. పైడితల్లినీ గుంటనీ తీసుకుని వెళ్ళాను. దమయంతి కళ్ళు లోపలికి పోయాయి. బల్ల మీద రెండు దారాలు పెట్టింది. ముందు మొదటిది, గాజుసీసాలోంచి తీసిన తల్లిదారం. నూకరత్నం వేలు పెట్టింది. దారం కదల్లేదు. మెత్తగా వేలిని చుట్టుకుంది. గుంట నవ్వింది. నీళ్ళలో పడ్డాక అది నవ్వడం అదే మొదటిసారి. తర్వాత అదే దారాన్ని పేల తొట్టెలో వదిలింది. పేలు వచ్చి పట్టుకున్నాయి, ముద్ద కట్టాయి. దారం ఊరికే ఉంది, మొద్దులా.

"ఇది ఇంకా ఏమీ నేర్చుకోలేదు" అంది దమయంతి. "రెండోది దీని పిల్ల. పేలని మాత్రమే చూసింది. మనిషి చెయ్యి ఒక్కసారి కూడా తగల్లేదు."

రెండోదాన్ని పేలలో వేసింది. చక్కగా విదిలించింది. తీసి తుడిచి నూకరత్నం ముందు పెట్టింది. గుంట చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది, మళ్ళీ చాపింది.

దారం ఉలిక్కిపడింది.

"పిల్లల నుంచి నేర్చుకోలేదు వదినా" అంది దమయంతి. "చిన్నగా, వణుకుతూ, వదలకుండా పట్టుకునేది. నేనే అలా నేర్పాను. పసిపిల్ల పట్టుకునేదీ అలాగే. పేలని వదిలించుకోవడం నేర్చుకున్న ఏ దారమైనా పిల్లని కూడా వదిలించుకుంటుంది. వేరు చేయడానికి నా దగ్గర దారి లేదు."

నేను గుంటని ఎత్తుకుని ఆ బల్ల దగ్గర నుంచి దూరంగా జరిగాను. 

మర్నాడు మధ్యాహ్నం రేవు జనమంతా నా దుకాణం ముందు చేరారు. దమయంతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఉలికే దారం ఇక పెంచనంది. గొడవ మొదలైంది.

"పిల్లల్ని కట్టొద్దు, అంతే కదా!" అన్నాడు ఎర్రయ్య, మాలో పెద్ద వేటగాడు. "దానికి మా పొట్ట కొడతారేటి?"

"పిల్లల్ని కట్టవు సరే" అన్నాను. "రేపు నువ్వే పుట్టి తిరగబడి పడ్డావనుకో. ఎవరో దారం ఇసురుతారు. నువ్వెలా పట్టుకుంటావు, నిలకడగానా? చలికి వణుకుతూ, పేణం పోతందని వణుకుతూ పట్టుకుంటావు. అది నిన్ను పేననుకుంటాది."

"అయితే మళ్ళీ పేలేనా? నాలుగు మూరలు లాగడం, గోకడం, నాలుగు మూరలు లాగడం. సేతులు సూడు ఎలా ఉండేవో!"

ఎవరూ తగ్గలేదు. అటు సగం, ఇటు సగం. ఎల్లాజీ తల వంచుకుని నిలబడ్డాడు.  ఆరోజు ఖాళీ కొస లాగిన చేతుల కేసే చూసుకుంటున్నాడు.

పైడితల్లి గుంటని చంకనేసుకుని ముందుకొచ్చింది. ఇన్నాళ్ళుగా దమయంతితో ఒక్క మాట మాట్లాడని మనిషి, నేరుగా ఆమె ముందు నిలబడింది.

"సిన్నత్తా, ఆ మొద్దుదారం ఉంది కదా. పేలని వదలనిది. అది పిల్లని వదలదా?"

"వదలదు పైడీ."

"సచ్చినా వదలదా?"

"వదలదు."

"అయితే నాకు అదే ఇయ్యి." ఎర్రయ్య కేసి తిరిగింది. "పేలు పట్టుకోనీ మావా. గోకుతాను. రోజంతా గోకుతాను. పట్టుకున్నదాన్ని వదలని దారం ఉంటే సాలు నాకు."

ఎర్రయ్య ఆమె చంకలో ఉన్న గుంటని చూసి పక్కకి జరిగాడు. ఎల్లాజీ వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. దానయ్య తాత వణికే చెయ్యి ఎత్తి, "నాకూ అదే" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే తమ పుట్టుల్లోంచి ఉలికే దారం తెచ్చి నా అరుగు మీద పడేయడం మొదలుపెట్టారు. కొందరు తిట్టుకుంటూ తెచ్చారు. ఎర్రయ్య అందరికంటే ఆఖరున తెచ్చాడు, ఎక్కువ తిట్టాడు.

అన్నీ మూట కట్టి నేనూ దమయంతీ పరిశోధనశాలకి తీసుకెళ్ళాం. పెద్ద గుండిగలో నీళ్ళు కాచింది. ఉండలు వేసింది. తొట్టెల్లో పెరుగుతున్నవీ, మిగతా జలాశయాల నుంచి తిరిగొచ్చినవీ తీసి వేసింది. వేడి తగలగానే గుండిగలో దారమంతా ఒక్కసారి ఉలిక్కిపడి ఉబ్బింది, నీళ్ళు పొర్లి పొయ్యి మీద పడ్డాయి. మెల్లిగా చప్పబడింది. ఉడికిన సేమ్యాలా అడుగున పడి ఉంది.

దమయంతి గరిట పట్టుకుని కలుపుతూనే ఉంది. కలపడానికి ఇంకేమీ లేదు, అయినా కలుపుతోంది. "ఒక్కటి ఉంచుకోనా వదినా? చిన్న ముక్క. ఎప్పటికైనా దారి దొరికితే..." అంది.  తనే ఆ చివరి ముక్కని కూడా వేసేసింది. అప్పుడు ఏడ్చింది. తన పెళ్ళిలో కూడా అంత ఏడవలేదు.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. వేడి గరిట పట్టిన చెయ్యి, ఎర్రగా కాలి వణుకుతోంది.

"వదలండి వదినా, నేను బాగానే ఉన్నాను" అని విదిలించుకోబోయింది.

నేను వదల్లేదు.